అత్యాశ అక్షరానికి ఒక తెలుగు పుట: ప్రాజెక్టు డైరీ

పని ఇది: చైనీస్‌లో అత్యాశను చెప్పే ‘థాన్’ అక్షరానికి ఒక ఎ4 పుట. ముందువైపు కుంచెతో రాసిన పెద్ద అక్షరం, గీతల వరస. వెనకవైపు ఉచ్చారణ, పుట్టుక, వాడుక, తెలుగు అర్థాలు. చైనీస్ కొత్తగా మొదలుపెట్టిన తెలుగువాళ్లు గోడకు అంటించుకోవడానికి. చిన్న నిఘంటువులు ఒక్క మాటతో తేల్చేసే ఈ అక్షరానికి పన్నెండు రోజులు పట్టింది. ఎక్కువ కాలం తిన్నది కుంచె కాదు, తెలుగు అర్థం.

1వ రోజు: ఆకారం

అక్షరం రెండు అంతస్తులు. పైన ‘చిన్’ (ఇప్పుడు అని అర్థం), 4 గీతలు. కింద ‘పెయ్’, అంటే గవ్వ. సంప్రదాయ రూపంలో గవ్వకు 7 గీతలు, మొత్తం 11. చైనాలో 1956 పథకం, 1964 పట్టికలతో స్థిరపడిన సరళ రూపంలో గవ్వకు 4 గీతలే, మొత్తం 8. ఈ కుదింపు ఎవరో కూర్చుని కొత్తగా కల్పించింది కాదు. గొలుసుకట్టు రాతలో అప్పటికే ఉన్న ఆకారాన్ని అచ్చుకు తెచ్చారు. తైవాన్, హాంకాంగ్, జపాన్‌లలో 11 గీతల రూపమే నడుస్తోంది. పుటలో రెండూ ఉండాలి, సరళ రూపం పెద్దది, సంప్రదాయ రూపం పక్కన చిన్నది.

8 గీతల వరస:

1. నడినెత్తి నుంచి ఎడమకు వాలే గీత.
2. అదే చోటు నుంచి కుడికి వాలే గీత. ఈ రెండూ కలిసి ఇంటి కప్పు.
3. కప్పు కింద ఒక చుక్క.
4. కొంచెం అడ్డంగా వెళ్లి, విరిగి, ఎడమకు కిందికి వాలే గీత.
5. గవ్వ పెట్టెకు ఎడమ నిలువు.
6. పైన అడ్డంగా వెళ్లి కుడివైపు కిందికి దిగే గీత. పెట్టె అడుగున మూత ఉండదు.
7. పెట్టె లోపలి నుంచి ఎడమకు వాలే కాలు.
8. కుడివైపు చుక్క.

సంప్రదాయ రూపంలో 6 తర్వాత పెట్టె లోపల రెండు అడ్డగీతలు, అడుగున మూసే ఇంకో అడ్డగీత వస్తాయి. ఆ తర్వాతే రెండు కాళ్లు, పెట్టె కింద. మూసే గీతను ముందు వేసి, లోపలివి తర్వాత ఇరికించడం కొత్తవాళ్లు చేసే మామూలు తప్పు. అలా చేస్తే మూడు అడ్డగీతల మధ్య ఎడం ఎప్పటికీ సమంగా రాదు.

కాగితపు నిఘంటువులో వెతకాలంటే: పాత పద్ధతిలో అక్షరాలను పంచే 214 గుంపులలో గవ్వ 154వది. ఆ గుంపులో, మిగిలిన గీతలు 4 అన్న చోట చూడాలి. ‘చిన్’ను పట్టుకుని వెతికితే దొరకదు.

2వ రోజు: కోడ్, ఫాంట్

యూనికోడ్‌లో సరళ రూపం దశాంశ సంఖ్య 36138, సంప్రదాయ రూపం 36010. వెబ్ పేజీలో ఆంపర్‌సండ్, హ్యాష్, సంఖ్య, సెమికోలన్ వరసగా కొడితే అక్షరం వస్తుంది.

ఇక్కడే ఒక గుంట. 36139 పేదరికాన్ని చెప్పే ‘ప్హిన్’. అత్యాశకు పక్కింట్లోనే పేదరికం. కిందిభాగం రెండింటికీ గవ్వే, పైభాగానికీ నాలుగేసి గీతలే. మొత్తం గీతలు అక్కడ 8, ఇక్కడా 8. గీతలు లెక్కపెట్టి సరిచూసే పద్ధతి ఈ జంట దగ్గర పనికిరాదు. చూడాల్సింది నడినెత్తి: అత్యాశకు కప్పు పైన కలుస్తుంది, పేదరికానికి కలవదు, సందు ఉంటుంది. 9 పాయింట్ల అచ్చులో ఆ సందు సిరాతో పూడిపోతుంది. అందుకని పుటలో చైనీస్ అక్షరం 12 పాయింట్లకు తగ్గకూడదని నియమం.

ఫాంట్ గొడవ ఇంకోటి. సంప్రదాయ రూపానికి కోడ్ ఒకటే అయినా, ‘చిన్’లోని మూడో గీతను చైనా ఫాంట్లు చుక్కగా, జపాన్, తైవాన్ ఫాంట్లు చిన్న అడ్డగీతగా చూపిస్తాయి. భాష గుర్తు పెట్టకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న ఫాంట్‌ను తోచినట్టు అంటగడుతుంది. ఒకే పుటలో రెండు రకాలు కనబడి చదివేవాళ్లు రెండు అక్షరాలనుకుంటారు. చైనీస్ ఉన్న ప్రతి ముక్కకూ భాష గుర్తు విడిగా పెట్టాలి. మూడో గీతనూ నాలుగో గీతనూ మార్చి రాసేస్తే ‘ఆజ్ఞ’ అని అర్థమొచ్చే ‘లింగ్’ వైపు జారిపోయే ప్రమాదమూ ఉంది. దానికి ఒక చుక్క ఎక్కువ, అంతే తేడా.

టైపింగ్ గురించి కూడా ఒక పెట్టె కట్టాం. చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాన్ని బట్టి మాట అర్థం మారుతుంది, దాన్ని గొంతు స్థాయి అంటున్నాం. ఉచ్చారణతో టైపు చేసేటప్పుడు ఆ స్థాయి గుర్తులు కొట్టరు కాబట్టి, ‘థాన్-శిన్’ అని కొడితే రెండు మాటలు వస్తాయి. ఒకటి అత్యాశ. రెండోది మనసు విప్పి మాట్లాడుకోవడం. ‘నీతో మనసు విప్పి మాట్లాడాలి’ అని పంపాల్సిన చోట అత్యాశ వెళ్లిపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

3వ రోజు: శబ్దాన్ని తెలుగులో ఎలా రాయాలి

పిన్‌యిన్‌లో (చైనీస్ ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) ఉన్నది చూసి తెలుగువాళ్లు ‘టాన్’ అనో ‘తాన్’ అనో చదువుతారు. రెండూ తప్పే. చైనీస్‌లో ఇక్కడ గాలి వదిలే ధ్వని, అంటే మన ‘థ’. ‘తాన్’ అంటే వినేవాళ్లకు వేరే మాటలు వినిపిస్తాయి: ఒంటరి, బరువు మోయడం లాంటివి. అల్పప్రాణం, మహాప్రాణం అని మనం చిన్నప్పుడు బట్టీపట్టిన తేడా చైనీస్‌లో బతుకుతెరువు. తెలుగు లిపికి అది కలిసొచ్చే విషయమే.

కానీ లిపిలో ఉన్నది నోట్లో లేదు. ‘కథ’ను ‘కధ’ అని పలికేవాళ్లు, రాసేవాళ్లు ఎంతమందో! ‘థాన్’ అని అచ్చువేస్తే ‘ధాన్’ అని చదువుతారు. దీనికి పుటలో ఇచ్చిన పరీక్ష: 2 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు టిష్యూ కాగితం ముక్క పెదాలకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకుని పలకాలి. ‘థాన్’ అన్నప్పుడు ముక్క ఎగరాలి, ‘తాన్’ అన్నప్పుడు కదలకూడదు. ‘ధ’ అంటే గొంతు మీద పెట్టిన వేలికి అదురు తెలుస్తుంది. సరైన ‘థ’కు మొదట్లో అదురు ఉండదు.

‘ప’ వర్గం దగ్గర పథకం ఇరుక్కుంది. పేదరికం అక్షరాన్ని ‘ఫిన్’ అని రాస్తే, ఇవాళ ‘ఫ’ను అందరూ ‘ఫ్యాన్’లో లాగానే పలుకుతున్నారు. చైనీస్‌లో ఆ ధ్వని విడిగా ఉంది. చివరికి ‘ఫ’ను ఆ ధ్వనికే వదిలేసి, గాలి వదిలే ‘ప’కు ‘ప్హ’ అని రాయాలని తీర్మానం. చూడ్డానికి ముచ్చటగా లేదు, కానీ తప్పు పలికించదు. నాలుక పళ్లకు తాకించి పలికే ‘చ’కు మన పాత దంత్య ‘ౘ’ (ౘలి, ౘాప) అచ్చంగా సరిపోయింది. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మాత్రం పత్రికల్లో రాసే తీరులోనే.

గొంతు స్థాయి ఒకటోది: ఎత్తుగా మొదలై, చివరిదాకా అదే ఎత్తులో, వాలకుండా. తెలుగు వాక్యం చివర గొంతు దిగడం మనకు అలవాటు. ఆ దిగుడు వచ్చిందంటే నాలుగో స్థాయి అవుతుంది, అప్పుడు అది బొగ్గు లేదా నిట్టూర్పు. రెండో స్థాయిలో మాట్లాడటం. మూడో స్థాయిలో కంబళి.

4, 5 రోజులు: పుట్టుక

షూ షెన్ అనే పండితుడు సా.శ. 100లో ముగించి, 121లో కొడుకు చేత చక్రవర్తికి సమర్పించిన ‘షువోవెన్’ నిఘంటువులో 9,353 అక్షరాలకు విడమరపు ఉంది. ‘థాన్’కు అతను ఇచ్చింది ఒక్క చిన్న వాక్యం: వస్తువును కోరడం, గవ్వ అర్థానికి, ‘చిన్’ శబ్దానికి. అంతే. ‘ఎక్కువ’ అనే మాట అందులో లేదు, ‘చెడ్డ’ అనేదీ లేదు. ఈ సంగతి ఏడో రోజున అక్కరకొచ్చింది.

పాఠాలు చెప్పేవాళ్లు అల్లిన కథ ఒకటి ప్రచారంలో ఉంది: పైన ‘ఇప్పుడు’, కింద డబ్బు, ‘ఇప్పుడే డబ్బు కావాలి’ అంటే అత్యాశ అని. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. పుట్టుక అని అచ్చువేస్తే మాత్రం తప్పు. ‘చిన్’ ఇక్కడ శబ్దం కోసం వచ్చింది. మరి చిన్‌కూ థాన్‌కూ పోలిక ఏమిటని ఎవరైనా అడుగుతారు. నేటి బీజింగ్ ఉచ్చారణలో పోలిక చెరిగిపోయింది. దక్షిణ చైనా, హాంకాంగ్‌ల వైపు మాట్లాడే కాంటనీస్‌లో నిలిచి ఉంది. చిన్ పైభాగంగానో పక్కభాగంగానో ఉన్న అక్షరాలను ఒక వరసలో పెడితే కనబడుతుంది:

ఇప్పుడు: బీజింగ్‌లో చిన్, కాంటనీస్‌లో కమ్.
నోట్లో ఉంచుకోవడం: హాన్, హమ్.
రాగం తీయడం: యిన్, యమ్.
తంత్రీ వాద్యం: ఛిన్, ఖమ్.
తలచుకోవడం: న్యెన్, నిమ్.
అత్యాశ: థాన్, థామ్.

కాంటనీస్‌లో అన్నీ ‘మ్’తో ముగుస్తున్నాయి. ఉత్తరాది చైనీస్‌లో చివరి ‘మ్’లు ‘న్’లయ్యాయి. అప్పు తీసుకున్న పొరుగు భాషలు కూడా పాత ‘మ్’నే దాచుకున్నాయి: కొరియన్‌లో ‘థమ్’, వియత్నామీస్‌లో ‘థామ్’. జపాన్‌లో మాత్రం ‘దోన్’. అక్కడ ఈ అక్షరం నిత్యవాడుక పట్టికలోకి చేరిందే 2010లో.

కిందనున్న గవ్వ దగ్గర ఆగాలి. ఈ పుటలో తెలుగువాళ్లకు వెంటనే పట్టుబడే భాగం ఇదే. మూడు వేల ఏళ్లకు పైబడిన షాంగ్ రాజుల కాలంలో గవ్వ నిధి. 1976లో ఆన్‌యాంగ్ దగ్గర తవ్విన రాణి ఫూ హావో సమాధిలో 6,800కు పైగా గవ్వలు దొరికాయి. ఆన్‌యాంగ్ సముద్రానికి దూరంగా లోపల ఉన్న ఊరు. అంత దూరం మోసుకొచ్చారంటేనే విలువ తెలుస్తోంది. దండగా గుచ్చడానికి గవ్వ వీపును అరగదీసో పొడిచో చిల్లు పెట్టేవాళ్లు. చిల్లిగవ్వ! మన భాషలో అది ఏమీ లేనితనానికి గుర్తు, అక్కడ లెక్కకు వచ్చే సొమ్ము. గవ్వల చలామణీ చిన్ రాజ్యం (‘ఇప్పుడు’ అక్షరం కాదు, పాత చైనా రాజ్యం పేరు) రోజులతో రద్దయిందని షూ షెనే రాశాడు. నాణేలు వచ్చినా అక్షరాల్లో గవ్వ మాత్రం దిగలేదు. కొనడం, అమ్మడం, ఖరీదు, చవక, అప్పు, ఖర్చు, లంచం: సంప్రదాయ రూపాల్లో అన్నిటి కిందో పక్కనో గవ్వ.

పేదరికం అక్షరాన్ని ఇక్కడే వివరించాం. దానికి పైన ‘పంచడం’, కింద గవ్వ. పంచగా పంచగా సొమ్ము తక్కువపడటం అని షూ షెన్ వివరణ. అంటే అక్కడ పైభాగం అర్థాన్నీ ఇస్తోంది, శబ్దాన్నీ ఇస్తోంది. థాన్‌లో శబ్దం మాత్రమే. చూపుకు కవలలు, కట్టుబాటు వేరు. ఈ పోలికను సామెతలూ వదల్లేదు: ‘అత్యాశ అక్షరం రాస్తే మిగిలేది పేదరికం’ అని కాంటనీస్ సామెత; ‘అత్యాశ అక్షరం పేదరికం అక్షరానికి పైపెంకు’ అని ఫూజియాన్, తైవాన్ వైపు మాట.

6వ రోజు: సొంత వాడుకల జాబితా

మొదట సుమారు నలభై మాటలు పోగయ్యాయి. పుటలో పట్టేది పధ్నాలుగు. ఎంపికకు నియమం: బడిలో, బజార్లో, వార్తల్లో వినబడేవి ముందు.

‘థాన్-లాన్’: పూర్తి బరువున్న దురాశ, రాతభాష. ప్రాచీన కవి ఛు యువాన్ రాసిన ‘లీ సావ్’ కావ్యంలోనే ఈ జంట ఉంది. హాన్ కాలపు వ్యాఖ్యాత వాంగ్ యీ రెంటినీ విడదీశాడు: సొమ్ము మీదిది థాన్, తిండి మీదిది లాన్. లాన్ అక్షరంలో కింద ‘స్త్రీ’ ఉంటుంది. చెడ్డ గుణాల అక్షరాల్లో స్త్రీని ఇరికించడం పాత చైనీస్‌కున్న దురలవాటు. పుటలో ఒక వాక్యం ఇచ్చి వదిలేశాం.

‘థాన్-శిన్’: అత్యాశ, మాట్లాడే భాష. పిల్లాడు నాలుగో లడ్డు అడిగినా ఇదే మాట.

‘థాన్-ఛి’ తిండియావ, ‘థాన్-వాన్’ ఆటల యావ, ‘థాన్-ష్వెయ్’ నిద్రమొహం, ‘థాన్-పెయ్’ మందు మీద మోజు. చివరి దాంట్లో ‘పెయ్’ గవ్వ కాదు, గిన్నె. గొంతు స్థాయి వేరు.

‘థాన్-ల్యాంగ్’: చల్లదనం కోసం ఆశపడి జలుబు తెచ్చుకోవడం. ఎండాకాలం రాత్రి ఫ్యాన్ ఐదులో పెట్టుకుని పడుకునేవాళ్ల కోసం పుట్టినట్టుంది.

‘థాన్-శ్యావ్-ప్హ్యెన్-ఇ’: చిల్లర లాభానికి కక్కుర్తి. తెలుగులో ఇంత బిగువుగా సరిపోయిన మాట ఇంకోటి దొరకలేదు. కక్కుర్తి, అంతే.

‘ఛీ-ౘావ్-థాన్-హెయ్’: అక్షరాలా ‘పెందలాడే లేచి, చీకటికి ఆశపడటం’. పొద్దు పొడవకముందు నుంచి చీకటి పడేదాకా కష్టపడటం. ఇది మెచ్చుకోలు. మొత్తం జాబితాలో అందరినీ తికమకపెట్టే మాట ఇదే, అందుకే ఉంచాం.

కథ ఉన్న మాట ఒకటే తీసుకున్నాం: చిన్నదానికి ఆశపడి పెద్దది పోగొట్టుకోవడం. షు రాజ్యానికి (నేటి సిచువాన్) వెళ్లడానికి కొండల్లో దారి లేదు. చిన్ రాజు హుయ్ రాతి ఎద్దులు చెక్కించి, వాటి వెనక బంగారం పోయించి, అవి బంగారం విసర్జిస్తాయని ప్రచారం చేయించాడు. షు రాజు వాటిని తెచ్చుకోవడానికి ఐదుగురు బలశాలులతో కొండలు తొలిపించి దారి వేయించాడు. ఆ దారినే చిన్ సేన వచ్చింది. కథ సంగతి ఎలా ఉన్నా, సా.పూ. 316లో చిన్ రాజ్యం షును మింగడం చరిత్ర. తెలుగులో ఎదురుగా ‘లాభం గూబల్లోకి వచ్చింది’ అని వేశాం.

కంప్యూటర్ చదివేవాళ్లకు: ‘థాన్-శిన్ స్వాన్-ఫా’ అంటే గ్రీడీ అల్గారిథం. ప్రతి అడుగులో అప్పటికి కంటికి పెద్దగా కనిపించింది పట్టుకోవడం. 1, 3, 4 నాణేలతో 6 కట్టాలంటే అత్యాశ పద్ధతి 4, 1, 1 తీస్తుంది, మూడు నాణేలు. 3, 3 తీస్తే రెండే. పాత ఫోన్లలో ఆడిన పాము ఆటకు చైనీస్ పేరు ‘థాన్-షి-ష’, తిండిపోతు పాము.

7, 8 రోజులు: తెలుగు అర్థం దగ్గర ఆగిన బండి

మొదటి ముసాయిదాలో అర్థం: లోభం. కొట్టేయాల్సి వచ్చింది. గ్రంథాల్లో లోభం ఏదైనా కానీ, తెలుగు నోట లోభి అంటే పిసినారి. ఉన్నది వదలనివాడు. థాన్ అంటే లేనిదాని కోసం చెయ్యి చాచేవాడు. పిసినారికి చైనీస్‌లో వేరే మాట ఉంది, ‘లిన్-స’. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు గానీ ఒకే గుణం కాదు. చేతి దిశ చూడాలి: థాన్‌లో చెయ్యి బయటికి, లిన్-సలో పిడికిలి బిగించి.

రెండో ముసాయిదా: దురాశ. ఇది ‘థాన్-లాన్’కు సరిపోయింది. కానీ నిద్రకు, ఆటలకు, చల్లగాలికి దురాశ అంటే నవ్వుతారు. షూ షెన్ వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లాం: వస్తువును కోరడం. ఈ అక్షరానికి తర్వాత ఏమి వస్తుందో దాన్నిబట్టి బరువు మారుతుంది. సొమ్ము వస్తే పాపం, నిద్ర వస్తే ముద్దు, చీకటి వస్తే కష్టజీవనం. తెలుగులో ఆ పని చేసే మాట ‘యావ’: డబ్బు యావ, తిండి యావ, ఆటల యావ. చివరికి వేసింది: ‘(దేనిమీదైనా) యావ; ఒంటరిగా వాడితే అత్యాశ, దురాశ; చిల్లర విషయాల్లో కక్కుర్తి.’ మూడు మెట్లు. లోభం కింద హెచ్చరికగా మాత్రమే ఉంది.

బౌద్ధ వాడుక విడిగా. మూడు విషాలు: థాన్, ఛన్, ఛి. మన లెక్కలో రాగం లేదా లోభం, ద్వేషం, మోహం. అరిషడ్వర్గాలు తెలిసిన తెలుగు పాఠకుడు ఆరింటికి మూడే ఉన్నాయేమని వెతుకుతాడు, అవి వేరు జాబితాలు. మూడు విషాలు బౌద్ధానివి. ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతి అనువాదంలో ఉంది. ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి అభిధర్మం (బౌద్ధ తత్వశాస్త్రం) చదువుకుని వెళ్లిన షువాన్‌జాంగ్ (మన పాఠ్యపుస్తకాల హ్యూయన్‌త్సాంగ్), బౌద్ధ పండితుడు వసుబంధుడి గ్రంథాలను చైనీస్‌లోకి తెస్తూ, ‘రాగ’ అన్న చోట థాన్ వాడాడు. ‘అలోభ’ అన్న చోట కూడా ‘థాన్ లేకపోవడం’ అనే వాడాడు. సంస్కృతంలో రెండు మాటలు, చైనీస్‌లో ఒకే అక్షరం.

అంతకు రెండు శతాబ్దాల ముందు, బౌద్ధ గ్రంథాలను చైనీస్‌లోకి తెచ్చిన కుమారజీవుడు ఇంకో దారి పట్టాడు. సంప్రదాయం శాతవాహన రాజుతోనూ శ్రీపర్వతంతోనూ ముడిపెట్టే మన నాగార్జునుడి మూలమధ్యమక కారికల్లో ఆరో ప్రకరణం రాగాన్ని గురించినది. దాని పేరులో కుమారజీవుడు థాన్ వాడలేదు. ‘అద్దకం వేయడం’ అని అర్థమిచ్చే ‘రాన్’ వాడాడు. రాగం అంటే రంగు కూడా కదా. రంజింపజేయడం అంటే రంగు పట్టించడమే. బట్టకు రంగు పట్టినట్టు మనసుకు ఆశ పట్టడం. ఆ ఎంపిక తెలుగువాడికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. పుటలో ఐదు పంక్తుల చోటు దీనికి ఇచ్చాం, రెండు మాటలను జాబితా నుంచి తీసేసి.

9వ రోజు: వార్తల భాష, గోడ మీది జంతువు

‘థాన్-క్వాన్’ అవినీతి అధికారి. ‘ఫాన్-థాన్’ అవినీతి వ్యతిరేక అన్న ముందుమాట. ‘థాన్-వూ’ దగ్గర జాగ్రత్త: మాటల్లో అవినీతి అంతటికీ వాడతారు, చట్టంలో మాత్రం ప్రభుత్వ ఉద్యోగి తన పదవిని వాడుకుని ప్రభుత్వ సొమ్మును కాజేయడం. లంచం తీసుకోవడం వేరే నేరం, వేరే పేరు. చైనా నేర శాసనంలో మొదటిది 382వ అధికరణం, రెండోది 385. 2016 ఏప్రిల్‌లో వచ్చిన న్యాయ వ్యాఖ్యానం ప్రకారం మామూలుగా 30 వేల యువాన్ల దగ్గర ‘పెద్ద మొత్తం’, 2 లక్షల దగ్గర ‘భారీ మొత్తం’, 30 లక్షల దగ్గర ‘మరీ భారీ మొత్తం’ మొదలవుతాయి. తెలుగు వార్తలో రెంటినీ ‘అవినీతి’ అని కలిపేస్తే శిక్షల కథనం గజిబిజి అవుతుంది. థాన్-వూకు ‘స్వాహా’ అని రాసి చూశాం. వార్తకు బాగుంది గానీ పుటకు ‘ప్రభుత్వ సొమ్ము కాజేయడం’ అని తిన్నగా.

బొమ్మ కోసం రెండు ఎంపికలు. ఒకటి గ్వాంగ్‌ఝౌ దగ్గరి ‘దురాశ బుగ్గ’: ఆ నీళ్లు తాగిన అధికారికి ధనాశ పుడుతుందని లోకవాడుక, జిన్ వంశ కాలపు గవర్నరు వు యిన్‌ఝి కావాలనే తాగి, మనసు మారదని పద్యం చెప్పాడు. రెండోది షాన్‌డాంగ్‌లోని చుఫు ఊళ్లో, కన్ఫ్యూషియస్ వంశస్థుల భవనంలో లోపలి వాకిలి అడ్డుగోడ మీది చిత్రం: కిలిన్ అనే చైనా పురాణ మృగాన్ని పోలిన జంతువు, దాని పేరే ‘థాన్’. కాళ్ల చుట్టూ నిధులున్నా నోరు తెరిచి సూర్యుడి వైపు చూస్తుంటుంది. బయటికి వెళ్లే ప్రతిసారి ఇంటి యజమాని కంటపడేలా గీయించారు. బొమ్మగా రెండోదే నిలిచింది. బుగ్గ నీళ్లు గీస్తే మామూలు నీళ్లే కనబడతాయి.

10, 11 రోజులు: కుంచె

సామాను: మిశ్రమ రోమాల కుంచె (రోమాల పొడవు 4 సెం.మీ.), సీసా సిరా, సాధనకు వెదురు గుజ్జు పసుపు కాగితం, చివరి ప్రతికి గంజి పట్టించిన చైనా కాగితం. గంజి లేని కాగితం మీద సిరా ఈగ వాలినంత సేపట్లో పాకిపోతుంది; సన్న గీతలున్న సంప్రదాయ రూపానికి అది పనికిరాదు. సిరా మూడు వంతులకు నీళ్లు ఒక వంతు. ఎక్కువ పలచనైతే పెట్టె లోపలి అడ్డగీతలు ఒకదాన్నొకటి అంటుకుంటాయి.

15 సెం.మీ. గడి, నిలువు, అడ్డం, రెండు మూలగీతలతో. కొలతలు: కప్పు కొన పైఅంచుకు 1 సెం.మీ. కింద, కప్పు విస్తారం 13 సెం.మీ. గవ్వ పెట్టె వెడల్పు 5 సెం.మీ. మించకూడదు. కప్పు రెక్కలు పెట్టెను కోడిపెట్ట పిల్లల్ని కప్పినట్టు కప్పాలి. మొదటి ఇరవై ప్రతుల్లో ఎక్కువ చెడిపోయింది ఇక్కడే: కప్పు ఇరుగ్గా, పెట్టె వెడల్పుగా, అక్షరం టోపీ పెట్టుకున్న బీరువాలా వచ్చింది.

రెండో తప్పు ఆరో గీత మలుపు. తెలుగు వంపులకు అలవాటైన చెయ్యి అక్కడ గుండ్రంగా తిరుగుతుంది. కుంచెను ఆపి, కొంచెం పైకెత్తి, కొనను మూలలో నొక్కి, అప్పుడు కిందికి లాగాలి. భుజం ఎముకలాంటి కోణం రావాలి. మూడోది నాలుగో గీత తోక: పొడుగ్గా లాగితే పెట్టెలోకి దిగిపోతుంది. పెట్టె పైగీతకు అర సెంటీమీటరు పైనే ఆపాలి.

గంజి కాగితం మీద పూర్తిగా ఆరాక అంగుళానికి 600 చుక్కలతో స్కాన్. తడి ఉండగా చేస్తే మెరుపు మచ్చ పడుతుంది.

12వ రోజు: కూర్పు, ప్రూఫు

తెలుగు 11 పాయింట్లలో పెట్టి, పంక్తుల ఎడం 14 ఇస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తిలోని చైనీస్ అక్షరం నెత్తిన పడ్డాయి. చైనీస్ అక్షరానికి పైనా కిందా ఖాళీ ఉండదు, గడి నిండా ఉంటుంది. ఎడం 18కి పెంచి, చైనీస్ ఉన్న పంక్తులకు ముందు పంక్తిలో కింది వత్తులు ఎక్కువున్న మాటలను అటూ ఇటూ జరిపితే సర్దుకుంది. పెద్దక్షరం పక్కన బొమ్మ చోటు 4 సెం.మీ. తగ్గింది.

ప్రూఫులో దొరికినవి: ‘థాన్’ రెండుచోట్ల ‘ధాన్’. కాంటనీస్ వరసలో ‘ఖమ్’ పోయి ‘కమ్’ రెండుసార్లు. మందు మోజులోని ‘పెయ్’కు గవ్వ అక్షరం.

నాలుగోది మూడోసారి చూస్తేగానీ కనబడలేదు. వెనకవైపు ‘ప్రభుత్వ సొమ్ము కాజేయడం’ పక్కనున్న అక్షరానికి నడినెత్తిన సందు. సంఖ్యలో చివరి అంకె 8కి బదులు 9 పడి, అత్యాశ స్థానంలో పేదరికం కూర్చుంది. గీతలు లెక్కపెట్టిన ఇద్దరూ ఎనిమిది సరిపోయాయని టిక్కు పెట్టారు. అంకె మార్చి, ఆ పంక్తిని 14 పాయింట్లకు పెంచి, ఫైలు ప్రెస్సుకు పంపాం.